ఐదవ చక్రము

శ్రీరంగాపురమున రంగనాయకస్వామి దేవాలయము ముందట, మా జీపు నాలుగు చక్రముల క్రిందను నాలుగు నిమ్మకాయలు పెట్టి, బానెట్టు మీద పసుపు కుంకుమలతో బొట్టు తీర్చి, హారతి త్రిప్పి, కొబ్బరికాయ కొట్టి, ఇక మెల్లగా ముందునకు పోనిమ్మని అర్చకస్వామి చేయి చూపినప్పుడు, ఆ కాయలు ఒకదాని వెంట నొకటి చిట్లిన చప్పుడు విని, ఎందులకో బండి ఆపి, దిగి, వెనుకకు పోయి చూచితిని. నేల మీద నాలుగు తడిమచ్చలును, నాలుగు నలిగిన తొక్కలును ఉండెను. వెనుకతలుపునకు బిగించిన ఐదవ చక్రమునకు మాత్రము నిమ్మకాయయు లేదు, బొట్టును లేదు. అది నేల నంటని చక్రము. దాని క్రింద నిమ్మకాయ పెట్టుట యెట్లు? అయినను మేము పోబోవు త్రోవలో మమ్ము తిరిగి ఇల్లు చేర్చవలసినది అదియే కావచ్చునను తలపు మనస్సున మెదలెను. ఆ మాట మా మేనమామతో అంటిని. ఆయన నవ్వలేదు, కొంచెము నొచ్చుకొనెను.

"దేవునికాడికి పోతున్నం అల్లుడా. దేవుడే సూసుకుంటడు. వారం దినాలసంది సూస్తున్న, టైర్లను గుద్ది సూసుడు, గాలి కొలుసుడు, ముండ్లు ఏరుడు. గింత అనుమానమున్నోనికి మొక్కెందుకు?"

ఇంత అనుమానము గలవానికి మ్రొక్కెందులకు? పల్లెటూరి పెద్దమనిషి నోట అలవోకగా వెలువడిన ఈ మాటకు నాకప్పుడు సమాధానము తోచలేదు. యాత్రకు బయలుదేరువాడు తన బండిని శక్తికొలది సిద్ధపఱచుకొనుట దైవము నెడ అవిశ్వాసమా? చక్రమును పరీక్షించిన చేతితోనే హారతి కన్నులకు అద్దుకొనుటలో ఏదైన కపటమున్నదా? ఉన్నచో, మన ఊళ్లలో దసరానాడు నాగలికిని, లారీకిని, కుట్టుమిషనుకును పూజచేయు లక్షలాది జనులందఱును ఆ కపటము చేయుచున్నవారే కావలెను. లేనిచో, మా మామ నొచ్చుకొనుటకు కారణమేమి? ఆయన మనస్సు నాకు తెలియును. అది ఊరక నొచ్చుకొను మనస్సు కాదు.

ఆ ప్రశ్న పుట్టిన చోటును దానికి తగినదే. పెబ్బేరునకు చేరువనున్న ఈ గ్రామము పూర్వము వనపర్తి సంస్థానములోనిది. 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీ నుండి వనపర్తి పేర నేర్పడిన జిల్లాలోనిది. రంగసముద్రమను పెద్దచెఱువు ప్రక్క, ఎండకాలమున సైతము నీటిగాలి తగులుచుండు ఈ ఆలయమును పదునెనిమిదవ శతాబ్దమున వనపర్తి ప్రభువులు కట్టించిరి. దీనిని గూర్చి చెప్పుకొను కథ యొకటి కలదు. శ్రీరంగయాత్ర చేసివచ్చిన ప్రభువు, ఆ రంగనాథుడు తన సీమలోను వెలయవలెనని తపించుచుండగా, స్వామి కలలో కనబడి, తాను ఈ ప్రాంతపు మట్టిలోనే యున్నాననియు, ఒక గరుడపక్షి త్రోవ చూపుననియు చెప్పెనట. ప్రభువు మేల్కొని ఆ పక్షి వెంట గుట్టలు పట్టి పోయి, విగ్రహమును కనుగొని తెచ్చి ప్రతిష్ఠించెనట. ఈ కథలో చరిత్ర యెంతయో విచారించుట నా పని గాదు. కాని చిన్ననాటి నుండియు దీనిని విన్నప్పుడెల్ల ఒక విషయము నన్ను ఆకర్షించుచునే యున్నది: కల దేవుడిచ్చినది, పక్షి దేవుడు పంపినది, నడచిన కాళ్లు మాత్రము రాజువి. పాలమూరి గుట్టలలో ఆకసము వంక చూచుచు నడచువాని కాలికి ఏమేమి గుచ్చుకొనునో ఇచ్చటివారికి వేఱుగ చెప్పనక్కఱలేదు.

మేము పోవునది సలేశ్వరము. నాగర్‌కర్నూలు జిల్లాలో, నల్లమల నడుమ, అమ్రాబాదు పెద్దపులుల అభయారణ్యములోని లోతైన లోయలో లింగమయ్య వెలసిన చోటు. సంవత్సరమునకు ఒక్క పర్యాయము, చైత్రపౌర్ణమి నాటి కొలది దినములు మాత్రమే యాత్రికులను అడవిలోనికి విడుతురు. అచ్చట పూజారులు చెంచులు. మన్ననూరు దాటి, ఫర్హాబాదు గేటు కడ తారురోడ్డు విడిచి, రాళ్లును గోతులును నిండిన అడవిబాటను పట్టి, జీపులు, ట్రాక్టర్లు, ఆటోలు పోగలిగినంత దూరము పోయి, అటు పిమ్మట కొండకొమ్ముల వెంట కాలినడకను లోయలోనికి దిగవలెను. పైనుండి పడు సన్నని జలధార, క్రింద గుండము, గుహలో లింగము. రంగనాయకుని ఊరివారు లింగమయ్యకు మ్రొక్కుటలో మా యింట ఎవరికిని ఎన్నడును వింత తోచలేదు.

మా మామ అడిగిన ప్రశ్నను ఆయన యెఱుగకయే మహాచార్యులు కొందఱు ఎన్నో శతాబ్దముల క్రిందట వేసికొనిరి. భగవదనుగ్రహమునకు జీవుని ప్రయత్నము కొంతయైన కావలెనా, అక్కఱలేదా? రామానుజుల తరువాతి శ్రీవైష్ణవులు ఈ విషయముననే వడగలై, తెంగలై అని రెండు త్రోవలైరి. కోతిపిల్ల తల్లి పొట్టను తానై గట్టిగా కఱచిపట్టుకొనును, తల్లి కొమ్మ నుండి కొమ్మకు దుముకును. పట్టు పిల్లది, దుముకు తల్లిది. ఇది వడగలై వారి దృష్టాంతము, మర్కటకిశోరన్యాయము. పిల్లిపిల్ల యేమియు చేయదు. కన్నులు కూడ తెఱవని ఆ పసికూనను తల్లియే మెడపట్టి నోట కఱచుకొని కావలసిన చోటికి చేర్చును. ఇది తెంగలై వారి మార్జాలకిశోరన్యాయము. మా మామ ఈ పేరులెన్నడును విన్నవాడు కాడు. కాని ఆయన నిస్సంశయముగా పిల్లిపక్షమువాడు.

ఈ వాదము పుస్తకములలో చదువునప్పుడు నాకు కోతిపక్షమే న్యాయముగా తోచుచుండెడిది. నా అభిప్రాయమును కదిలించినది తర్కము గాదు, ఒక చారిత్రక వృత్తాంతము. 1323వ సంవత్సరమున ఢిల్లీసేనలు శ్రీరంగము మీదికి వచ్చినప్పుడు, తెంగలై సిద్ధాంతమునకు మూలస్తంభమువంటి పిళ్లై లోకాచార్యులు, వార్ధక్యమున నుండియు, శ్రీరంగనాథుని ఉత్సవమూర్తియైన నంపెరుమాళ్లను పల్లకిలో వేంచేపుచేసికొని, కొలదిమంది శిష్యులతో రహస్యముగా దక్షిణపు త్రోవలు పట్టెను. ఆ ప్రయాణపు బడలికతోనే జ్యోతిష్కుడి అను గ్రామమున పరమపదించెను. స్వామి మాత్రము ఊరు మార్చి ఊరు, కొండ మార్చి కొండ తిరిగి, తిరుమలలో కూడ తలదాచుకొని, చివరకు 1371లో విజయనగర సేనాని గోపణార్యుడు తోడ్కొనిరాగా శ్రీరంగము చేరెను. నలుబదియెనిమిది సంవత్సరములు శ్రీరంగనాథునకు ఇల్లు లేదు. జీవుడు పిల్లిపిల్లవలె ఊరకుండవలెననియు, మోయుట భగవంతుని పనియనియు జీవితమంతయు బోధించిన ఆచార్యుడు, సమయము వచ్చినప్పుడు భగవంతుని తన వారి భుజముల మీద పెట్టుకొని అడవి నడచెను! ఆ దండయాత్రలోనే, వడగలై వారికి పరమాచార్యుడైన వేదాంతదేశికులు శ్రుతప్రకాశిక యను గ్రంథపు తాళపత్రములను కాపాడుటకై శవముల నడుమ శవమువలె పడియుండెనని సంప్రదాయము చెప్పుచున్నది. పట్టుకొనుమని చెప్పినవాడు కదలక పడియుండెను, కదలకుమని చెప్పినవాడు మోసికొనిపోయెను. ఇందు విరోధమున్నదని నేను తలంపను. తాను చేయుచున్నది తన ప్రయత్నమని లోకాచార్యులు అనుకొనియుండడు. పల్లకిబొంగు క్రింద భుజము పెట్టినవానికి, తాను మోయుచున్నానో తన్ను ఎవరో నడిపించుచున్నారో విడదీసి చూచుకొను తీరిక యుండదు.

కాని ఇది ఉత్తముల సంగతి. నా చేతిలో నుండినవి జీపుచక్రములు.

ప్రయాణమునకు వారము ముందు బండిని పెబ్బేరులోని ఒక పంచరు దుకాణమునకు కొనిపోతిని. చింతచెట్టు క్రింద సగము తెగిన ఇనుపడ్రమ్ములో నల్లనినీరు, గోడకు వ్రేలాడు పాతట్యూబులు, గాలి నింపు కంప్రెసరు మోత. దుకాణదారుడు నడివయస్సువాడు. చక్రము ఊడదీసి, టైరును రిమ్ము నుండి విడిపించి, దాని లోపల అరచేయి పెట్టి, కన్నులు మూసికొని, చుట్టును నెమ్మదిగా తడిమెను. వైద్యుడు నాడి చూచునట్లుండెను. ఒకచోట చేయి ఆగినది. పట్కారుతో బయటి నుండి లాగగా అంగుళము పొడవున సర్కారుతుమ్మ ముల్లు వచ్చెను. అది ఎప్పుడు గ్రుచ్చుకొన్నదో తెలియదు. లోపలి పొర దాటుటకు ఇంకను నూలుపోగంత దూరము మిగిలియుండెను. నేను నిర్భయముగా తిరుగుచుండిన దినములన్నియు ఆ ముల్లు నాతో ప్రయాణము చేయుచునే యున్నది. ఆ మాటయే అంటిని. అతడు ముల్లును డ్రమ్ము అంచున పెట్టి, "దేవుడు తోవ సూపిస్తడు సారూ, గాలి మాత్రం మనమే సూసుకోవాలె" అనెను.

అడవిత్రోవకు బండిని సిద్ధపఱచుట యనగా పెద్దదీపములు, ఇనుపచట్రములు తగిలించుట యని పట్టణపు యువకులు కొందఱు భ్రమపడుచున్నారు. నిజమునకు అది చాలవఱకు నేలకు వంగి చూచుట. టైరు ప్రక్కగోడ మీద చిన్న అండాకారములో నాలుగంకెలుండును: మొదటి రెండు వారమును, తరువాతి రెండు సంవత్సరమును తెలుపును. 3519 అని యున్నచో 2019వ సంవత్సరపు ముప్పదియైదవ వారమున పుట్టినదని అర్థము. చూచుటకు క్రొత్తదివలె నున్నను రబ్బరునకును వార్ధక్యము వచ్చును. ప్రక్కగోడను వంచి చూచినచో సన్నని బీటలు కనబడును. గాళ్ల అడుగున అచ్చటచ్చట చిన్నమిట్టలుండును; పైరబ్బరు అరిగి వాని మట్టమునకు వచ్చినదన్న, అనగా 1.6 మిల్లీమీటర్లే మిగిలినదన్న, ఆ టైరు పని తీరినట్లే. గాలిని చల్లని వేళనే కొలువవలెను. ఎండలో పరుగెత్తిన చక్రము లేనిబలము చూపును. జాకీ క్రింద వేయుటకు దిట్టమైన చెక్కపలక యొకటి కావలెను. మెత్తని నేలలో జాకీ బండిని లేపుటకు మాఱు తానే దిగిపోవును. చక్రపు నట్లు నీ చేతిలోని పానాకే ఊడునో లేదో ఇంటికడనే ఒకసారి ఊడదీసి చూచుకొనవలెను. దుకాణములలో యంత్రముతో బిగించినవి అడవిలో మనిషిబలమునకు లొంగవు.

ఇవన్నియు చేయుచున్నప్పుడు నాకొకటి తోచినది. సిద్ధపడుట భయము వలన పుట్టినదే కావచ్చును, కాని సిద్ధపడినకొలది మనిషికి తన చేతిలో లేనిది ఎంతయున్నదో తెలియవచ్చును. ఏమియు చూచుకొననివానికి తన బలమునకు హద్దు తెలియదు. వానికి దైవమనగా తాను చేయని పనులన్నిటిని చేయు నౌకరు. లోపలి పొర వఱకు తడిమి చూచిన దుకాణదారునికి తెలియును, రేపు గ్రుచ్చుకొనబోవు ముల్లును ఏ అరచేయియు తడుమజాలదని. అతడు దేవుని తలంచినప్పుడు ఆ తలంపు ఎచ్చట మొదలగునో అతనికి స్పష్టముగా తెలియును. మామకు ఆనాడు ఈ మాట చెప్పి యుండవలసినది.

వనపర్తి, నాగర్‌కర్నూలు, అచ్చంపేటల మీదుగా పోయి, మన్ననూరు దాటి, ఫర్హాబాదు గేటు వద్ద తారురోడ్డు విడిచిన పిమ్మట బండి ఆపి, నాలుగు చక్రముల గాలి తగ్గించితిని. వాల్వుమూత విప్పి, నడిమి సూదిని అగ్గిపుల్ల మొనతో నొక్కినచో, బుసకొట్టుచు వేడిగాలి రబ్బరువాసనతో వెలువడును. ముప్పదిరెండు పాయింట్ల నుండి ఇరువదికి దింపితిని. మామ ఆశ్చర్యపడెను: "డబ్బులిచ్చి కొట్టిచ్చిన గాలిని తీసేస్తివేంది?" ఈ రహస్యము నాకును ఒకప్పుడు వింతగానే యుండెడిది. గాలి నిండిన చక్రము 1845లో థామ్సన్ అను స్కాట్లండువాని ఊహలో పుట్టి, 1888లో డన్‌లప్ తన కుమారుని మూడుచక్రముల బండి కొఱకు తిరిగి చేయగా లోకమున ప్రచారమునకు వచ్చినది. అది పుట్టినది మెత్తదనము కొఱకు. మనము దానిని గట్టిదనమునకే నింపుచున్నాము. 1930 ప్రాంతమున లిబియా ఎడారిలో బాగ్నోల్డ్ అను ఆంగ్ల సైనికోద్యోగి, ఎవరును దాటలేరనుకొన్న ఇసుకతిన్నెలను మామూలు మోటారుబండ్లతో దాటినప్పుడు ఆయన కనుగొన్న ఉపాయములలో ఇది ముఖ్యమైనది: గట్టిగా నుండు చక్రము ఇసుకను త్రవ్వుకొని తానే పూడుకొనును, కొంత గాలి విడిచిన చక్రము నేల మీద పఱచుకొని, పైపైన సాగిపోవును. బండి బరువు తగ్గదు. ఆ బరువును నేల మీద మోపు తీరు మాఱును. టైరులో ఎంత బిగువున్నదో రమారమి అంత బిగువుతోనే అది భూమిని ఒత్తును; కావున మెత్తని చక్రము అడవిబాటను గాయపఱచుటయు తక్కువ. ఆ బాట నాది కాదు. చెంచుపెంటలవారిది, రాత్రులు దానిమీద నడచు మృగములది. సంవత్సరమున కొలది దినములు మాత్రము అతిథులుగా దానిమీదికి పోవుచున్నాము.

శరణాగతియని మన పెద్దలు చెప్పినదానిని, చేతులు ముడిచికొని కూర్చుండుటగా నేనెన్నడును గ్రహింపలేకపోతిని. ఆ బుసకొట్టు వాల్వు కడ కూర్చుండినప్పుడు కొంత గ్రహించితిననుకొందును. చక్రము చక్రముగనే యున్నది, పరుగు మానలేదు, బరువు దింపలేదు. తనలోని బిగువును కొంత విడిచినది, అంతే. ఎంత విడువవలెనన్నది కూడ తెలియవలెను. మఱీ విడిచినచో టైరు అంచు రిమ్మును వీడి ఊడివచ్చును. మఱియు, మెత్తబడుటకు మూల్యము లేకపోలేదు. దానిని ఆ సాయంకాలమే చెల్లించితిమి.

లోయ దిగి, గుండమున మునిగి, లింగమయ్యను సేవించి, ఎండకు వాడిన మోములతో తిరిగి పైకి వచ్చి, బండి నెక్కితిమి. చీకటిపడక ముందే గేటు దాటవలెను. ఒక వంపులో, మోదుగుచెట్టు ప్రక్క, నేలలో సగము పాతుకొన్న గొడ్డలివాదరవంటి రాయి యొకటి వెనుక కుడిచక్రపు ప్రక్కగోడను చీల్చెను. గాలి తగ్గించిన టైరు ప్రక్కలకు ఉబికియుండును గదా. అడుగున మందమైన రబ్బరు తట్టుకొనెడి దెబ్బ, ఉబికిన ప్రక్కగోడకు తగిలినది. చీలిక నా చూపుడువ్రేలంత పొడవు. అడుగున ముల్లు గ్రుచ్చుకొన్నచో బంక పూసిన త్రాడు సూదితో దూర్చి పూడ్చవచ్చును. ప్రక్కగోడ చీలినచో దానికి అతుకు లేదు. స్టెప్నీయే గతి.

స్టెప్నీని దింపి మీటరు పెట్టి చూచితిని. పదకొండు పాయింట్లు.

వారము దినములు నాలుగు చక్రములను ప్రాణముగా చూచుకొన్నవాడను, ఐదవదానికి నిమ్మకాయ లేదని అర్చకస్వామి ముందట గమనించినవాడను, దాని గాలి మాత్రము కొలువనేలేదు. గాలికొట్టు పంపును తెచ్చుకొన్నామా యనిన, అది శ్రీరంగాపురమున మా అరుగు మీదనే యున్నది. బండి వెనుక నిలువబడి నేను పలుకలేకపోతిని. మామ కూడ ఏమియు అనలేదు. "ముందు చక్రం మార్సుదం పా" అని మాత్రము అనెను. చక్రము నేల మీద నుండగనే నట్లు సడలించి, పలక వేసి, జాకీ పెట్టితిని. వాలు త్రోవ గావున ముందుచక్రములకు రాళ్లు అడ్డుపెట్టవలసి వచ్చినది. పెద్దరాయి మామయే దొర్లించి తెచ్చెను. అది కదలకుండ దానికి మఱొక రాయిని ఊతపెట్టి, ఆ రెండవరాయిని రెండు చేతులతో నదిమిపట్టి, దుమ్ములో మోకరిల్లి, బండి లేచుచుండగా పెదవులు కదలించుచు అష్టాక్షరి జపించుచుండెను. నేను పానా త్రిప్పుచు ఆయన చేతులనే చూచుచుంటిని. వ్రేళ్ల కణుపులు తెల్లబాఱియుండెను.

చక్రపు బాధ యన్నంతనే తెలుగువానికి కర్ణుడు జ్ఞప్తికి రాకుండడు. తిక్కన సోమయాజి తెనిగించిన కర్ణపర్వము చదివినవారికిని, వీధిభాగవతములు చూచినవారికిని ఆ దృశ్యము ఒకటే: భూమి మ్రింగిన రథచక్రమును రెండు చేతులతో నెత్తుచున్న మహావీరుడు. హోమధేనువు దూడను తెలియక చంపినందులకు బ్రాహ్మణుడిచ్చిన శాపము ఆనాడు ఫలించినది. అందఱును శాపమును గూర్చియు, కృష్ణుని ప్రత్యుత్తరమును గూర్చియు చెప్పుకొందురు. నన్ను కలతపెట్టునది మఱొకటి. ఆ క్షణమున కర్ణుడు ధర్మమును నిందించును. ధర్మపరులను ధర్మము రక్షించునని పెద్దలు చెప్పుదురు గాని, శక్తికొలది ధర్మము నడపిన నన్ను అది రక్షింపకున్నదే యని వాపోవును. ఆ నింద వినినప్పుడెల్ల నాకు ఆయన మీద జాలి కలుగును గాని, తప్పుపట్టుటకు మనస్సొప్పదు. పదకొండు పాయింట్ల చక్రము ముందర నిలిచినప్పుడు నా నోటికిని మొదట వచ్చిన మాట అట్టిదే: ఇంత చేసితిని గదా! ఇంత చేసినవానికే యిట్లు కావలెనా! చేసినదాని లెక్కను దైవము ముందర పఱచి బాకీ యడుగుట కర్ణునంతవానికే తప్పలేదు. మా మామ ప్రశ్నలోని పదును నాకప్పుడు తెలిసినది. ఆయన నా అనుమానమును గూర్చి కాదు అడిగినది; నా లెక్కను గూర్చి. టైర్లు చూచుట ఆయనకు తప్పుగా తోచలేదు. చూచినందువలన నాకేమియు కాదని నేను తలంచుకొన్న తీరు ఆయనకు కనబడినది.

పదకొండు పాయింట్ల చక్రము మీద, ఆ రాళ్లలో, నలుగురు మనుష్యుల బరువుతో పోవుట ప్రమాదము. ఏమి చేయుదుమా యని యుండగా యాత్రికుల ట్రాక్టరొకటి వెనుక నుండి వచ్చి ఆగినది. దానిని నడుపు కుఱ్ఱవాడు సంగతి విని, సీటు క్రింద నుండి త్రుప్పుపట్టిన కాలిపంపు తీసెను. మేము మార్చి మార్చి త్రొక్కి ఇరువది వఱకు తెచ్చితిమి. డబ్బు ఇవ్వబోగా, "లింగమయ్యకాడికొచ్చి పైసలేంది" అని ఎక్కి పోయెను.

లింగమయ్యయే ఆ కుఱ్ఱవానిని పంపెనని మా అత్తమ్మ ఈనాటికిని చెప్పుచున్నది. ఆమె విశ్వాసమునకు నేను నమస్కరింతును. కాని ఆ మాట నా నోట రాదు. ఆ జాతరకు పోయి తిరిగిరానివారును కలరు. ఆ త్రోవలలో ఊపిరి విడిచినవారును కలరు. వారికి పంపని సహాయమును మాకు పంపెనని చెప్పుకొనుటకు మేమేపాటివారము? దైవమును మా పాలిటికి మాత్రమే లెక్కకట్టుట కర్ణుని నిందకు తోబుట్టువే. ఒకటి బాకీ, మఱొకటి జమ. నేను చెప్పగలిగినది ఇంతమాత్రమే: పంపు అతనిది, గాలి అందఱిది, చక్రము మేము మోసికొనిపోయినది. ఆ చక్రమే లేనిచో పంపు వచ్చియు ఏమి చేయును? పంపు రానిచో చక్రముండియు ఏమి చేయును? ఒంటిచక్రముతో రథము నడవదనియు, పురుషకారము లేక దైవము ఫలింపదనియు యాజ్ఞవల్క్యస్మృతి చెప్పుచున్నది. స్మృతికర్తకు కూడ ఈ విషయమున చక్రమే దృష్టాంతముగా తోచినది!

అయితే నాకు ఆ రెండుచక్రముల ఉపమానము కంటె గీత పదునెనిమిదవ అధ్యాయములోని లెక్క మిన్నగా తోచును. ఏ కర్మ సిద్ధించుటకైనను కారణములు ఐదని భగవానుడు అచ్చట చెప్పుచున్నాడు: అధిష్ఠానము, కర్త, నానావిధములైన కరణములు, వేర్వేరు చేష్టలు, ఐదవది దైవము. స్మృతిలో దైవము సగపాలు. ఇచ్చట ఐదింట ఒకటి, అదియును చివర. భక్తుడు దానిని మొదటికి తెచ్చును, నాస్తికుడు తీసివేయును. గీతాకారుడు నాలుగింటిని నాలుగుగనే యుంచి, ఐదవదానికి దాని చోటు చూపెను. కర్త తానొక్కడనే చేసితిననుకొనువాడు చూడజాలనివాడని ఆ వెంటనే చెప్పుచున్నాడు. నాలుగు చక్రముల మీద పరుగెత్తు బండిలో కూర్చుండినవాడు, వెనుక తలుపు మీద నేల నంటక, తిరుగక, దుమ్ము కప్పుకొనియున్న ఐదవదానిని ఎన్ని దినములు మఱచునో ఆలోచించినప్పుడు ఈ లెక్క నాకు బోధపడుచున్నది.

ఫర్హాబాదు గేటు దాటి, మన్ననూరులో గాలి నింపించి, తారురోడ్డు పట్టి, అచ్చంపేటలో అన్నము తిని, శ్రీరంగాపురము చేరుసరికి అర్ధరాత్రి యైనది. దేవాలయము తలుపులు మూసియుండెను. రంగసముద్రము మీద పున్నమివెన్నెల కదలుచుండెను. మామ జేబులో నుండి ఉదయము అర్చకస్వామి యిచ్చిన కుంకుమపొట్లము తీసి, నీటి అంచునకు పోయి, వ్రేలు తడిపి వచ్చెను. ఐదవ చక్రమిప్పుడు వెనుక కుడివైపున నేల మీద నుండెను. తలుపు మీద చీలిన టైరు వ్రేలాడుచుండెను. ఆయన రెంటి నడుమ కొంతసేపు నిలిచి చూచెను. మొదట చీలినదానికి, చీలిక అంచు ప్రక్కనే, బొట్టు పెట్టెను. తరువాత వంగి, మోకాలి మీద చేయి ఊని, నేల మీది దానికి పెట్టెను.

"పొద్దుగాల దీన్ల గాలి మళ్లొకసారి సూడు" అని ఇంటివైపు నడచెను.